మందుకు మినహాయింపు సరే, పరీక్ష మాటేమిటి?

2024 జూలై 23న ప్రవేశపెట్టిన బడ్జెట్‌లో ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్, ఒసిమెర్టినిబ్, దుర్వాలుమాబ్ అనే మూడు క్యాన్సర్ మందులపై కస్టమ్స్ సుంకాన్ని కేంద్రం పూర్తిగా ఎత్తివేసింది. హర్షించదగిన నిర్ణయమే. అయితే ఇటువంటి మందులలో పెక్కింటిని ఏ రోగికి ఇవ్వాలో తేల్చేది కణితి నుంచి తీసిన ముక్కపై జరిపే పరీక్ష. దాని సంగతి పట్టించుకున్నవారు తక్కువ.

ఒక నిర్దిష్ట ప్రోటీనును, అనగా యాంటిజెన్‌ను, మాత్రమే పట్టుకునే యాంటీబాడీని కణజాలపు పలుచని పొరపై వేసి, అది అతుక్కున్న చోట రంగు తేలేటట్లు చేయడమే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ. సాధారణంగా ఒక పొరకు ఒకే యాంటిజెన్. శస్త్రచికిత్సలో తీసిన రొమ్ము కణితి పెద్దది గనుక ఎన్ని పొరలైనా కోయవచ్చు. ఊపిరితిత్తుల నుంచి సూదితో తీసిన ముక్క దారపు పోగంత. క్యాన్సర్ రకాన్ని తేల్చడానికే అది ఖర్చయిపోతే, ఒసిమెర్టినిబ్ పనికివస్తుందో లేదో చెప్పే జన్యుపరీక్షకు ఏమీ మిగలదు. క్షయ అనుకుని నెలల తరబడి మందులు మింగి ఆలస్యంగా వచ్చిన రోగులు మన దేశంలో అరుదేమీ కాదు. వారికి మళ్లీ సూది గుచ్చవలసిందే.

ఒకే పొరపై రెండు మూడు యాంటిజెన్లకు వేర్వేరు రంగులు వేసే పద్ధతి ఇందుకు మంచి మార్గం. ప్రోస్టేట్ పరీక్షలో దీని ప్రయోజనం స్పష్టం. గ్రంథి అడుగు వరుస కణాలు గోధుమ రంగులోనూ, అనుమానిత కణాలు ఎరుపులోనూ తేలుతాయి. ఎరుపు ఉండి గోధుమ వరుస లోపిస్తే క్యాన్సర్ అనుమానం బలపడుతుంది. తరువాతి పొరలో మాయమయ్యే చిన్న మచ్చ కూడా ఈ విధంగా చేజారదు.

కానీ రెండు యాంటీబాడీలూ ఒకే జాతి జంతువు నుంచి వచ్చినవైతే రెండవ రంగు మొదటిదానిపైనా ఎక్కవచ్చు. మొదటిదానిని వేడితో తొలగించి, ప్రతి విడతలోనూ సరిచూపు నమూనాలు పెట్టకపోతే ఫలితం తప్పుతుంది. తప్పు ఫలితానికి మూల్యం చెల్లించేది రోగే.

అంతకంటే ముఖ్యం ఫార్మలిన్. రొమ్ము కణితి ముక్కను గంటలోగా అందులో వేసి 6 నుంచి 72 గంటల మధ్య ఉంచాలన్నది అంతర్జాతీయ నియమం. ఇంత చవకైన పని జరగని చోట ఖరీదైన యంత్రం వృథా. ప్రభుత్వ బీమా పథకాలు మందుతో పాటు పరీక్షకూ, ప్రయోగశాలల నాణ్యతపై బయటివారి తనిఖీకీ విడిగా సొమ్ము కేటాయించాలి. 2012లో ఏర్పడిన నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ అందుకు తగిన వేదిక. జిల్లా ఆసుపత్రుల శస్త్రచికిత్స గదులకు కొలత ప్రకారం కలిపిన ఫార్మలిన్ సీసాలు పంపడంతో ఈ పని మొదలు కావచ్చు.