కృప అంటే గ్రేస్ మార్కులు కాదు

కుటుంబ ప్రార్థనలో చదువవలసిన భాగములు: రోమా 3:19–31, గలతీ 3:23–26, తీతు 2:11–14



"కృప వచ్చిన తరువాత పది ఆజ్ఞలతో మనకు పని ఏమి?" అని యౌవనస్థుల కూడికలలో అడుగుతారు. "ఆజ్ఞలు గైకొననివానికి కృప ఎలా దొరుకుతుంది?" అని సంఘ పెద్దలు అడుగుతారు. ఈ రెండు ప్రశ్నలు ఎదురెదురుగా నిలబడినట్లు కనబడతాయి. కాని రెండింటికీ మూలము ఒక్కటే. కృప అనే మాటను మనము చర్చిలో ఒక విధంగా వింటున్నాము, మనసులో మరొక విధంగా అర్థము చేసుకుంటున్నాము. ఈ నెల ఆ సంగతి కొంచెము నిదానముగా ఆలోచిద్దాము.

హైదరాబాదులో తార్నాక పక్కనే ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉన్నది. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ దానిని 1918లో స్థాపించారు. అక్కడి ఆర్ట్స్ కాలేజీ రాతి భవనము 1939లో ప్రారంభమైనది. అప్పటినుండి నేటివరకు మన పల్లెల బిడ్డలు ఎందరో ఆ మెట్లు ఎక్కారు. ఒకప్పుడు రేకు పెట్టె నెత్తిన పెట్టుకొని బస్సు దిగేవారు. 2017 నుండి తార్నాకకు మెట్రో రైలు కూడ వచ్చినది. ప్రయాణము మారినది గాని, బిడ్డ వెనుక ఉన్న తల్లిదండ్రుల కష్టము మారలేదు. అమ్మిన గేదె, కుదువ పెట్టిన పుస్తెలతాడు, వడ్డీకి తెచ్చిన ఫీజు, ఇవన్నీ ఆ బిడ్డ పరీక్ష పేపరు మీద కూర్చుని ఉంటాయి.

ఆ చదువుల లోకములో 'గ్రేస్' అనే మాట ఒకటి ఉన్నది. బైబిలులోని కృపకు ఇంగ్లీషు మాట కూడ అదే. ఫలితాలు వచ్చిన రోజున, "గ్రేస్ మార్కులతో గట్టెక్కాడు" అంటే చదువురాని అవ్వకు కూడ అర్థమవుతుంది. నిబంధనలు చదువును బట్టి మారుతుంటాయి గాని పద్ధతి మాత్రము ఒకటే. పాసు కావడానికి 35 మార్కులు కావాలి, వచ్చినవి 32. పాపమని మూడు కలుపుతారు. అయితే అయిదు మార్కులే వచ్చినవాని సంగతి? వాని పేపరు వైపు ఎవరూ చూడరు. గ్రేస్ మార్కులు అంచు వరకు వచ్చినవానికే. వాడు చాలవరకు తానే సంపాదించాడు, మిగిలిన కొంచెము దయగా కలిపారు.

ప్రియులారా, మనలో చాలమంది దేవుని కృపను సరిగా ఈ విధముగానే ఎంచుకొనుచున్నాము. ఆదివారము ఆరాధన, దశమభాగము, శ్రమల దినాల ఉపవాసము, సంఘములో మంచి పేరు, ఇవన్నీ కలిపి 32 అనుకుంటాము. తక్కువైన మూడు మార్కులు యేసుప్రభువు సిలువ మీద కలిపారని తలుస్తాము. పొరుగువాడు తాగుబోతు గనుక వానికి అయిదే అని కూడ లెక్క వేస్తాము.

అపొస్తలుడైన పౌలు లెక్క వేరు. రోమా పత్రిక మూడవ అధ్యాయములో ఆయన యూదుని, అన్యుని ఒకే వరుసలో నిలబెట్టి, ఏ భేదమును లేదన్నాడు. ఎఫెసీ పత్రిక రెండవ అధ్యాయములో మన పూర్వస్థితిని మరణముతో పోల్చాడు. చనిపోయినవానికి 32 మార్కులు రావు, వాడు పరీక్షకే రాలేదు. యాకోబు కూడ తన పత్రిక రెండవ అధ్యాయములో, ఒక్క ఆజ్ఞ విషయములో తప్పిపోయినవాడు అంతటి విషయములోను అపరాధియే అంటాడు. దేవాలయమునకు వెళ్లిన పరిసయ్యుడు తన మార్కుల పట్టిక చదివి వినిపించాడు. సుంకరి దగ్గర చదవడానికి ఏమియు లేదు. ఇంటికి నీతిమంతుడుగా వెళ్లినది ఎవరో లూకా 18వ అధ్యాయము చదివినవారికి తెలుసు. కృప తక్కువైన మార్కులను పూరించేది కాదు. ఏమీ లేనివానికి సమస్తమును ఇచ్చేది కృప.

విశ్వవిద్యాలయములలో హాజరు నియమము కూడ ఉంటుంది. సాధారణముగా నూటికి 75 వంతులు తరగతికి రావాలి. కొంచెము తగ్గితే జబ్బు చేసినదని వైద్యుని కాగితము చూపి, కండోనేషన్ ఫీజు కట్టి, పరీక్షకు అనుమతి పొందుతారు. ఇదియు క్షమించడమే గాని, రుసుము కట్టేది తప్పినవాడే. కొందరు విశ్వాసులు దేవునితో ఇట్లాగే బేరము చేస్తారు. ఏడాదంతా నచ్చినట్లు నడిచి, క్రిస్మసుకు పెద్ద కానుక వేస్తే చెల్లుబాటవుతుందని తలుస్తారు. దేవుడు లంచము పుచ్చుకొనువాడు కాడు. అక్కడ రుసుము నిజముగానే ఉన్నది, అది చాల పెద్దది. కాని దానిని కట్టినది మనము కాదు.

ఆ ప్రాంగణములోనే న్యాయ కళాశాల కూడ ఉన్నది. అక్కడ విద్యార్థులు చదివే భారత రాజ్యాంగములో 72వ అధికరణము రాష్ట్రపతికి, 161వ అధికరణము గవర్నరుకు క్షమాభిక్ష పెట్టే అధికారము ఇచ్చినవి. ఈ పోలిక కృపకు కొంత దగ్గరగా వస్తుంది. గవర్నరు ఒక ఖైదీని క్షమిస్తే, ఆ నేరము నేరము కాకుండా పోదు. చట్టము పుస్తకములో అలాగే ఉంటుంది. చట్టమే లేకపోతే క్షమాభిక్ష అనే మాటకే అర్థము లేదు. కాబట్టి కృప ధర్మశాస్త్రమును కొట్టివేస్తుందని చెప్పేవారు కృపను గొప్ప చేయడము లేదు, దానిని చౌక చేస్తున్నారు. అయితే ఈ పోలికకు కూడ హద్దు ఉన్నది. క్షమించే గవర్నరు తాను జైలుకు వెళ్లడు. మన ప్రభువు మన స్థానములో నిలిచి శిక్ష భరించాడు. అందుకే రోమా మూడవ అధ్యాయము చివర పౌలు, విశ్వాసము ద్వారా ధర్మశాస్త్రము కొట్టివేయబడదనియు, అది స్థిరపడుననియు వ్రాసినాడు.

అలాగైతే ధర్మశాస్త్రము దేనికి? తార్నాక అనే పేరునే చూడండి. ఉర్దూలో తార్ అంటే తీగ, నాకా అంటే కాపలా చోటు. నిజాముల కాలములో ఇక్కడ తీగ కంచె వేసిన తోట, దానికి కాపలా ఉండేవని, అందుచేత ఈ పేరు వచ్చినదని చెబుతారు. సేద్యము చేసే మనకు కంచె పని వేరే చెప్పనవసరము లేదు. కంచె పశువులను ఆపుతుంది. కాని ఎంత మంచి కంచె వేసినా అది ఒక్క గింజ పండించలేదు. పండించేది విత్తనము, వాన. నరహత్య, వ్యభిచారము, దొంగతనము, అబద్ధసాక్ష్యము కూడదన్న ఆజ్ఞలు కుటుంబమును, ఊరిని కాచే కంచె. అవి లేకపోతే బలహీనుడే ముందు నలిగిపోతాడు. కాని అవి హృదయములో ప్రేమను మొలిపించలేవు. ఆజ్ఞలు చేతపట్టుకొని తోటివానిని కొట్టేటప్పుడు మాత్రము కంచె చేను మేసినట్లవుతుంది.

గలతీ పత్రిక మూడవ అధ్యాయములో పౌలు ధర్మశాస్త్రమును బాలశిక్షకుడు అన్నాడు. మన తెలుగువారికి ఆ మాట వినగానే పెద్దబాలశిక్ష, దానిని చదివించే పంతులుగారు గుర్తుకు వస్తారు. కాని పౌలు వ్రాసిన గ్రీకు మాటకు అర్థము పంతులు కాదు. ఆ రోజులలో కలిగినవారి ఇండ్లలో పిల్లవానిని బడికి తీసుకొని వెళ్లి, దారిలో అల్లరి చేయకుండ చూచి, తిరిగి ఇంటికి తెచ్చే దాసుడు ఉండేవాడు. అతనినే ఆ మాటతో పిలిచేవారు. ధర్మశాస్త్రము చేసే పని అదే. మన చేయి పట్టుకొని, తప్పించుకోనివ్వకుండ, క్రీస్తు వాకిటి వరకు తెస్తుంది. దారిలోనే ఆగి ఆ దాసునినే తండ్రి అనుకునేవాడు ఇల్లు చేరడు. ఆ చేయి విడిపించుకొని పారిపోయినవాడు కూడ చేరడు.

ఈ తగవు క్రొత్తది కాదు. 1537 మొదలు మార్టిన్ లూథరు తన స్నేహితుడైన యోహాను అగ్రికోలాతో దీనినిగూర్చియే వాదించవలసి వచ్చినది. విశ్వాసులకు ధర్మశాస్త్రము బోధించనవసరము లేదని అగ్రికోలా అన్నాడు. కృపను అంతగా చాటిన లూథరే దానిని ఒప్పుకోలేదు. ఆ చర్చలు జరిగినది కూడ ఒక విశ్వవిద్యాలయములోనే, విట్టెన్‌బర్గులో. సంస్కరణకాలపు బోధకులు ధర్మశాస్త్రమునకు మూడు పనులు చెప్పినారు. చెడును ఆపే కంచె, మన పాపమును చూపే అద్దము, రక్షింపబడినవానికి దారి చూపే దీపము. ఈ మూడవదానిని మరువరాదు. నిర్గమకాండము వరుస చూడండి. పన్నెండవ అధ్యాయములో పస్కా గొఱ్ఱెపిల్ల, పద్నాలుగవ అధ్యాయములో ఎఱ్ఱ సముద్రము, ఇరవయవ అధ్యాయములో ఆజ్ఞలు. ముందు విడుదల, తరువాత ఆజ్ఞ. ఆజ్ఞలు గైకొంటే విడిపిస్తానని దేవుడు ఐగుప్తులో వారితో చెప్పలేదు.

ఇప్పుడు మన ఇండ్ల సంగతి చూద్దాము.

మొదటిది, మన బిడ్డలు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు తప్పులతో వెలువడిన తరువాత ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలు వ్రాసినవి. మార్కులే తన విలువ అని నమ్మిన బిడ్డకు మార్కులు పోతే ఇంకేమి మిగులుతుంది? క్రైస్తవ తల్లిదండ్రులారా, ఫలితాలు రాకముందే మీ బిడ్డతో ఈ మాట చెప్పండి: "నీవు పాసైనా ఫెయిలైనా మా బిడ్డవే. ఇంటికి రా." చదవవద్దని దీని అర్థము కాదు. ప్రేమ పోతుందన్న భయము లేని బిడ్డే ధైర్యముగా చదువుతాడు. దేవుని బిడ్డల విధేయత కూడ అటువంటిదే.

రెండవది, కట్నము. కట్న నిషేధ చట్టము 1961లో వచ్చినది. అయినా ఆ పెద్ద కాలేజీ పట్టా చేతికి రాగానే మన ఇండ్లలో కూడ అబ్బాయి ధర పెరుగుతున్నది. చట్టము చేయగలిగినది ఇంతే, అది చేతిని ఆపుతుంది, ఆశను చంపదు. ఉచితముగా రక్షణ పొందామని ఆదివారము పాడి, సోమవారము వియ్యంకుని దగ్గర లక్షలు లెక్కపెట్టుకొనేవాడు మత్తయి 18లోని దాసుడే. తన పదివేల తలాంతుల అప్పు మాఫీ అయిన వెంటనే తోటి దాసుని గొంతు పట్టుకున్నాడు. కృప మనలను భక్తిహీనతను విడిచి బ్రదుకమని బోధిస్తుందని తీతు పత్రిక చెబుతున్నది. చట్టము చేయలేని పని కృప చేయాలి. చేయకపోతే, మనము పొందినది కృపయేనా అని పరీక్షించుకొనవలెను.

మూడవది, పడిపోయినవారు. సంఘములో ఎవరైనా తప్పిపోతే వారిని ప్రభువు బల్ల నుండి ఆపడము మనకు త్వరగా వస్తుంది. వారి ఇంటికి వెళ్లడము మాత్రము ఆలస్యమవుతుంది. క్రమశిక్షణ అవసరమే, పాపమును పాపమనే చెప్పవలెను. కాని ఆ దాసుని పని బిడ్డను బడి వాకిటి వరకు తేవడము, వీధిలో వదిలిపెట్టడము కాదు. ఎవరిని ఆపామో వారిని తిరిగి పిలుచుటకు సంఘ పెద్దలలో ఒకరు బాధ్యత తీసుకొనవలెను. తిరిగి వచ్చినప్పుడు పాత లెక్కలు తీయకూడదు.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో ఈ మూడు ప్రశ్నలు మాటలాడుకొనండి. మన ఇంట ప్రేమను మార్కులతో కొలుస్తున్నామా? ఉచితముగా పొందినదానికి మనము ఇతరుల దగ్గర వెల అడుగుతున్నామా? మనము పలకరించడము మానివేసిన సహోదరుడు గాని సహోదరి గాని ఎవరు?

ప్రార్థన: కృపగల తండ్రీ, మా చేతులు ఖాళీగా ఉన్నవని ఒప్పుకొనుచున్నాము. నీ కుమారుడు మా కొరకు చెల్లించిన వెలను బట్టి మమ్మును చేర్చుకొన్నావు. నీ ఆజ్ఞలను భయముతో కాక ప్రేమతో గైకొను హృదయము మాకు దయచేయుము. మేము పొందిన కృపను మా బిడ్డలకు, మా పొరుగువారికి చూపునట్లు మాకు సహాయము చేయుమని యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.