స్టీరింగ్ పట్టేస్తే సమ్మెట కాదు, ఓపిక కావాలె

పోస్టు జర పెద్దగనే ఉంటది, కానీ ట్రాక్టర్ ఉన్నోళ్లు ఆఖరి దాకా చదువున్రి.

యాసంగి నాట్లు అయిపోయినయ్. పాకాల ఆయకట్టు కింద, మాదన్నపేట చెరువు కింద బురదల దున్నిన బండ్లు ఇంటి ముందలకొచ్చినయ్. ఇగ కేజ్ వీల్స్ విప్పి, ట్రాలీలు తగిలిచ్చుకొని ఇవే బండ్లు మిర్చి పనికి పోతయ్. పొద్దున కూలీలను చేన్లకు తీస్కపోవుడు, తర్వాత బస్తాలేసుకొని ఎనుమాముల మార్కెట్ తొవ్వ పట్టుడు. రోడ్డు ఎక్కే ముందు మనం టైర్ల గాలి చూస్తం, డీజిల్ చూస్తం. ముందటి ఇరుసు కిందికి వంగి చూసేటోళ్లు ఎంతమంది? నిజం చెప్పున్రి.

నా అభిప్రాయం ముందుగాల్నే చెప్తున్న. స్టీరింగ్ సామాన్లు పట్టేస్తే ఇంటికాడ మనమే విప్పుకోవచ్చు, విప్పుకోవాలె గూడ. కానీ వాటిని కాల్చి, సాగ్గొట్టి, వెల్డింగ్ పెట్టి మళ్లా అదే ముక్కను బిగిచ్చుడు మాత్రం తప్పు. "నడుస్తది తియ్" అనే మాట నాగలి కాడ చెల్లుతది, ట్రాలీ డోరు కాడ చెల్లుతది. స్టీరింగ్ కాడ చెల్లదు.

అసలు ఎందుకు పట్టేస్తది? ముందటి చక్రాలను తిప్పే టై రాడ్ చివర్లకు గుండు లెక్క ఒక బాల్ జాయింట్ ఉంటది. దానిమీద రబ్బర్ బూటు. ఆ బూటు పగిలిందంటే బురద నీళ్లు లోపటికి పోతయ్, గ్రీజు బయటికి పోతది. ఇనుముకు తుప్పు పడితే ఆ తుప్పు ఇనుము కంటే ఎక్కువ జాగ తీసుకుంటది. సందు లేని కాడ తుప్పు ఉబ్బితే ఇగ అది కదులదు. కింగ్ పిన్ బుష్షులకు గూడ ఇదే కథ. ఎరువు బస్తాలు మోసే బండికైతే ఇంకా తొందరగ పడ్తది.

ఇంతకుముందు మామూలు స్టీరింగ్ బండ్లల్ల జాయింట్ పట్టేస్తే చేతులకు తెలిసేది. తిప్పుతుంటే భుజాలు గుంజేవి. ఇప్పుడు ఎక్కువ బండ్లకు పవర్ స్టీరింగ్. జాయింట్ బిగుసుకపోయినా ఆయిల్ బలంతోటి చక్రం తిరుగుతది, మనకు తెల్వదు. కానీ ఆ బలమంతా యాడికి పోతది? కదలాల్సిన గుండు కదలకపోతే దాని కాడ వంగుతది. ఒక్కసారి కాదు, తిప్పినప్పుడల్లా వంగుతది. తీగను అటు ఇటు వంచితే ఎట్ల తెగుతదో, అది గూడ ఏదో ఒకనాడు గట్లనే తెగుతది. అందుకే పవర్ స్టీరింగ్ ఉన్నోళ్లే ఎక్కువ జాగ్రత్త పడాలె అంటున్న.

నేనేం పుట్టుకతోటే నేర్చుకోలేదు. రెండేండ్ల కింద నా బండి మలుపు తిరిగినంక స్టీరింగ్ దానంతట అది సీదా కాలేదు. ఎడమ దిక్కు టై రాడ్ ఎండ్ పట్టేసిందని అర్థమైంది. నట్టు మొత్తం తీసేసి, కింద నుంచి చూడి మీద సమ్మెటతోటి కొట్టిన. కొడితే అది ఊడలే, చూడి పువ్వు లెక్క విచ్చుకున్నది. ఒక కాడ కాల్చిపిచ్చుకొని వచ్చిన. రబ్బర్ మాడింది, గుండు కదిలింది, సంబురపడ్డ. మా చిన్నాయన చూసి ఒక్కటే అడిగిండు: "రేపు ట్రాలీల కూలీలను ఎక్కించుకుంటవు గద, మీ అమ్మను గూడ ఎక్కిస్తవా?" ఇగ నోట మాట రాలే. ఆ ముక్క తీసి పారేసి కొత్తది తెచ్చిన.

చిన్నాయన చూపెట్టిన పద్ధతి మీకు చెప్తున్న. ముందుగాల బండి చదునైన జాగల పెట్టి, బ్రేక్ వేసి, వెనుక చక్రాలకు రాళ్లు పెట్టున్రి. ముందటి ఇరుసు జాకీతోటి లేపి, కింద గట్టి కట్టె దుంగలు పెట్టున్రి. ఉత్త జాకీని నమ్ముకొని బండి కింద దూరొద్దు. మట్టంతా కడిగి, తీగల బ్రష్షుతోటి చూడి రుద్దున్రి. కాటర్ పిన్ తీసి పారేయున్రి, మళ్లా బిగిచ్చేటప్పుడు కొత్తదే వేయాలె.

తర్వాత తుప్పు వదిలే ఆయిల్ పొయ్యున్రి. లేకుంటే డీజిల్‌ల జర ఇంజన్ ఆయిల్ కలిపి పొయ్యున్రి, పొద్దుమీకి ఒకసారి, పొద్దుగాల ఒకసారి. ఒక రాత్రి నాననియ్యున్రి. డబ్బా స్ప్రేలతోటి గూడ పనైతది. కానీ ఒకటి గుర్తుంచుకోవాలె. అందరికి తెలిసిన డబ్ల్యూడీ-40ని 1953ల అమెరికాల తయారు చేసిందే ఇనుము మీది నీళ్లను తరిమేటందుకు. అది గ్రీజుకు బదులు కాదు.

నానినంక నట్టును వదులు చేయున్రి, మొత్తం తీయొద్దు. చూడి చివరకు సమానంగ ఉంచితే చూడి ఖరాబు కాదు, జాయింట్ ఊడి మీద పడదు. ఇప్పుడు అసలు సంగతి. ఆ కాడ సీసకు పెట్టిన బిరడ లెక్క ఒక దిక్కు సన్నగ ఉంటది. కింద నుంచి పొడిస్తే అది రాదు. దాన్ని పట్టుకున్న స్టీరింగ్ ఆర్మ్ కన్ను పక్కలకు కొట్టాలె. ఒక దిక్కు బరువైన సుత్తె ఆనిచ్చి పట్టుకొని, ఇంకో దిక్కు నుంచి సూటిగ నాలుగు దెబ్బలు వేస్తే కన్ను జర సాగి, "టప్" మని వదులుతది. కండ్లకు అద్దాలు పెట్టుకోవాలె, ఇనుప పెచ్చు కంట్ల పడితే జిందగీ ఖరాబు. బాల్ జాయింట్ పుల్లర్ దొరికితే సుత్తె పనే ఉండది. ఊరికి ఒకటి కొనుక్కొని అందరం వాడుకున్నా అయితది.

రాడ్ నుంచి ఎండ్ విప్పేటప్పుడు ఎన్ని చుట్లు తిప్పిండ్రో లెక్కబెట్టి గోడ మీద రాసుకోవున్రి. కొత్తది అన్నే చుట్లు ఎక్కించాలె, లేకుంటే చక్రాలు వంకర కూసుంటయ్, టైర్లు ఒక దిక్కే అరుగుతయ్. ఒక కొసకు ఉల్టా చూడి ఉంటది, అది తెల్వక బలం పెట్టి ఇంకా బిగిచ్చేటోళ్లు ఉన్నరు. అంతా అయినంక చక్రాల నడుమ ముందట, వెనుక టేపు పెట్టి కొలువున్రి. ఎంత తేడా ఉండాలెనో బండితోటి ఇచ్చిన బుక్కుల రాసి ఉంటది.

ఇంకా ఒక హద్దు ఉన్నది. చూడి విచ్చుకున్నా, గుండు లోపట ఆడుతున్నా, ఆర్మ్ కన్నుకు పగులు కనబడ్డా, కాడ వంగినా ఆ ముక్క మళ్లా వాడొద్దు. పవర్ స్టీరింగ్ పంపు, సిలిండర్, స్టీరింగ్ బాక్స్ లోపటి పని ఇంటికాడ పెట్టుకోవద్దు, తెలిసిన మెకానిక్‌కు ఇయ్యున్రి.

కొంతమంది అంటరు, "సీజన్ల మెకానిక్ దొరకడు, సామాను దొరకదు, వెల్డింగ్ పెట్టిస్తే ముందటికంటే గట్టిగైతది" అని. మెకానిక్ దొరకడన్న మాట నిజమే. అందుకే సీజన్ ముందు చూసుకోమంటున్న. వెల్డింగ్ మాట మాత్రం తప్పు. స్టీరింగ్ కాడలు తయారుచేసేటప్పుడే కాల్చి, చల్లార్చి బలం ఎక్కిస్తరు. మనం ఎర్రగ కాలిస్తే ఆ బలం పోతది. పైకి గట్టిగనే కనబడ్తది, లోపట పెళుసైతది, లేకుంటే మెత్తబడ్తది. కొత్త ఎండ్ మిర్చికి ఒక్కసారి కొట్టే మందు పైసలకంటే తక్కువల వస్తది. మందుకు వెనుకకు పోనోళ్లం, దీనికెందుకు వెనుకాడాలె?

2018ల నల్గొండ, యాదాద్రి జిల్లాలల్ల మూడు నెలలు తిరగకముందే రెండు ట్రాక్టర్ ట్రాలీలు కాలువలల్ల పడి ఎంతమంది కూలీ తల్లులు పోయిండ్రో మనం మరువలేదు. అవి స్టీరింగ్ విరిగి పడ్డయని నేను అంటలేను. ట్రాలీల మనుషులను ఎక్కించుడే మంచిది కాదు, అది గూడ ఒప్పుకోవాలె. కానీ కాలువ కట్ట మీద ట్రాక్టర్ రెండు గజాలు పక్కకు జరిగితే ఏమైతదో ఆ రెండు ఊర్లకు తెలుసు. మన తొవ్వలు గూడ చెరువు కట్టలు, కాలువ గట్లే గద.

దున్నిన రోజు పొద్దుమీకి గ్రీజు గన్ పట్టుకొని పావుగంట కూసోవున్రి. ఇరుసు లేపి కొడితే గ్రీజు మంచిగ ఎక్కుతది. పాత నల్ల గ్రీజు బయటికొచ్చే దాకా కొట్టున్రి. నిప్పల్ మూసుకపోతే దాటిపోవద్దు, అదే రేపు పట్టేసే జాగ. బండి కడిగిన రోజు మళ్లా తప్పక కొట్టాలె.

ఇయ్యాల్నే ఒక పని చేయున్రి. ఒకరిని స్టీరింగ్ మీద కూసోబెట్టి అటు ఇటు తిప్పమని, మీరు పక్కపొంటి నిలబడి ఒక్కొక్క జాయింట్ చూడున్రి. చక్రం తిరుగుతుంటే గుండు గూడ తిరగాలె. రబ్బర్ పగిలిందా, గ్రీజు ఉన్నదా చూడున్రి. ఐదు నిమిషాల పని. రేపు ఆ ట్రాలీల ఎక్కేటోళ్లు మన వాడకట్టు మనుషులే.