పిచ్చుకకు మనం మిగల్చని నేల

పిచ్చుకలు కనబడటం లేదని నిట్టూర్చే మనమే వాటిని వెళ్లగొట్టాం. ఆ మాట ఒప్పుకోలేక నెపం సెల్ టవర్ల మీద వేసి చేతులు దులుపుకున్నాం. టవర్లే కారణమనడానికి గట్టి ఆధారం లేదు. ఊరపిచ్చుకల సంఖ్య దేశం మొత్తమ్మీద దాదాపు నిలకడగానే ఉందని, హైదరాబాద్‌తో సహా ఆరు మహానగరాల్లో మాత్రం తగ్గుతూ వచ్చిందని 2020లో వెలువడిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక చెప్పింది. పిచ్చుక ఉంది. మన దగ్గరే లేదు.

మట్టి మిగిలిన పెరడు ఎక్కడైనా ఉంటే కాసేపు కూర్చుని చూడాలి. రెండు కాళ్లూ కలిపి గెంతుతూ వస్తుంది. వడ్లగింజను ముక్కు అంచున అటూ ఇటూ దొర్లిస్తే ఊక జారి కింద పడుతుంది, గింజ లోపలికి పోతుంది. తర్వాత బెండపాదు పక్కన పొడిమట్టిలో పొట్ట ఆనించి, రెక్కలు అల్లాడిస్తూ ఒళ్లంతా దుమ్ము చల్లుకుంటుంది. ఈకలు శుభ్రం చేసుకునేది అలాగే. దాని బతుకులో సగం నేల మీదే. ఆ నేల మీద మనం గచ్చు చేసి, టైల్స్ పరిచాం.

అంతకంటే పెద్ద నేరం మందు డబ్బాతో చేశాం. పెద్ద పిచ్చుక గింజలతో గడుపుకుంటుంది గానీ, గుడ్డులోంచి అప్పుడే బయటపడ్డ కూనకు మెత్తటి పురుగే కావాలి. తల్లీ తండ్రీ ఇద్దరూ ముక్కున కరుచుకుని గూటికి మోసేది దాన్నే. వంగ ఆకు మీద పచ్చపురుగు కనబడగానే మందు కొట్టాం. పురుగే చేరని మొక్కలు ఏరి తెచ్చి నాటుకున్నాం. మార్చి 20న పిచ్చుకల దినమంటూ పళ్లెంలో గింజలు పోసి ఫొటోలు దిగాం. కూనలకు పెట్టే తిండి మాత్రం మన చేతులతోనే చంపేశాం.

చూరు, దూలం సందు, గోడకు వాల్చిన పటం వెనక చోటు, అన్నీ ఇళ్లతో పాటే పోయాయి. కొత్త పంట ఇంటికొస్తే కంకులు కుచ్చులుగా అల్లి పిచ్చుకల కోసం వసారాలో, గుడి మండపంలో వేలాడదీసిన వాళ్ల మనవలం మనం. ఇప్పుడు ఆ కుచ్చులు కొని, దోమతెరలు బిగించిన హాల్లో అలంకారానికి పెట్టుకుంటున్నాం.

పెరట్లో ఒక మూల గచ్చు పగలగొట్టి మట్టి తేల్చడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. బురద అంటుతుందని, చెత్త పడుతుందని ఆ పాటి పని కూడా చేయలేదు.