ఒక నది – మూడు పేర్లు

దక్షిణాఫ్రికా పటములో నదులను గుర్తింపుమన్నచో మన విద్యార్థులు ‘ఆరెంజి నది’ యని వ్రాయుదురు. నారింజపండు వలననో, నీటి రంగు వలననో ఆ పేరు వచ్చినదని పెక్కుమంది తలంతురు. అది నిజము కాదు. 1779వ సంవత్సరమున డచ్చి ఈస్టిండియా కంపెనీ సైన్యాధికారియగు రాబర్టు గార్డను, తన దేశపు ఆరెంజి రాజవంశము పేరును దానికి పెట్టెను. అంతకుముందు ఆ నది పేరు లేక ప్రవహింపలేదు. పాఠములో ఈ సంగతికి చోటుండవలెనని మా అభిప్రాయము.

ఈ నది లెసోతో దేశపు పర్వతములలో, 3,000 మీటర్లకు మించిన ఎత్తున పుట్టుచున్నది. అచ్చటి వారు దీనిని ‘సెంకూ’ అందురు. హిందూ మహాసముద్రము దాపుననే యున్నను ఇది పడమరకు సాగి, సుమారు 2,200 కిలోమీటర్లు పయనించి అట్లాంటిక్ మహాసముద్రమున కలియుచున్నది. దారిలో వాల్ నదిని కలుపుకొని, ఎండిన భూములు చొచ్చి, ఆగ్రబీస్ వద్ద 56 మీటర్ల జలపాతమై దుముకును. తుదకు దక్షిణాఫ్రికా, నమీబియాలకు సరిహద్దగును. ఈ పడమటి సీమలో ప్రాచీన కాలమునుండి నివసించు ఖోయిఖోయి ప్రజలు దీనిని ‘గారీప్’, అనగా నది, అని పిలిచిరి.

ఒక్క పేరు చాలదా, పిల్లలకు భారమేల యని కొందర డుగవచ్చును. పరీక్షకు ఒక్క పేరు చాలును. నదిని తెలిసికొనుటకు చాలదు. ‘ఆరెంజి’ అను మాట ఐరోపా రాజవంశమును తెలుపును గాని నదిని గూర్చి ఏమియు తెలుపదు. ‘ఆగ్రబీస్’ అనగా ఖోయిఖోయి భాషలో గొప్ప ఘోష గల చోటు. ఆ మాట తెలిసిన బాలునకు జలపాతము వినిపించినట్లే యుండును.

ఈ నదిపై దక్షిణాఫ్రికాలో కెల్ల పెద్ద జలాశయమున్నది. దానికి మొదట, వర్ణవివక్ష విధానమును బలపరచిన ప్రధాని వెర్వూర్డు పేరు పెట్టిరి. 1996లో దానిని ‘గారీప్ ఆనకట్ట’గా మార్చిరి. తీరవాసుల పలుకునకు పటములో స్థానము లభించెను.

ఇంట ఒక పేరు, వీధిపలకపై మరొక పేరు గల ఊళ్లలో పెరుగు మన పిల్లలకు ఈ విషయము వేరుగా విప్పి చెప్పనక్కరలేదు. కావున ఉపాధ్యాయులు పటము గీయించునపుడు మూడు పేర్లును వ్రాయింపవలెనని కోరుచున్నాము. తల్లిదండ్రులును తమ యూరి వాగులకు, చెరువులకు పెద్దలు వాడిన పేర్లను పిల్లలకు చెప్పుదురు గాక. ఆ ప్రాంతభాషలోని పేరును, మన తెలుగు పేరును రెండింటిని నేర్చిన బాలునకు కలుగు నష్టమేమియు లేదు.