ధర్మసందేహములు: పదునైదు దినముల గడువు



ఈ మాసము ఒక తల్లి అడిగిన ప్రశ్న: "మా కుమారుడు అమెరికాలో టెక్సాసు రాష్ట్రమందలి ఫ్రిస్కో పట్టణమున ఉద్యోగము చేయుచున్నాడు. మద్యము సేవించి కారు నడిపెనని పోలీసులు పట్టుకొని, లైసెన్సు తీసికొని, ఒక కాగితము చేతికిచ్చిరి. తప్పు చేసినవానికి వకీలును పెట్టుట ధర్మమేనా? జరిమానా కట్టి ఊరకుండిన చాలదా?"

సమాధానము: అమ్మా, సురాపానము పంచమహాపాతకములలో ఒకటి. మత్తులో కారు నడుపువాడు తన ప్రాణముతోపాటు దారిని పోవు నిరపరాధుల ప్రాణములను గూడ పణముగా పెట్టుచున్నాడు. ఇందు సందేహము లేదు. అయినను భారతమందలి కచుని కథను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. రాక్షసులు కచుని చంపి, ఆ భస్మమును సురలో కలిపి ఇయ్యగా శుక్రాచార్యుడు త్రాగెను. నిజము తెలిసిన పిమ్మట ఆయన మొదట శిష్యునికి మృతసంజీవని నుపదేశించి బ్రతికించెను. తరువాత సురాపానమును నిషేధించి కట్టడి చేసెను. మొదట రక్షణ, పిమ్మట నియమము. మీ కుమారుని విషయమున గూడ ఇదియే క్రమము.

వకీలు పాపమును కప్పిపుచ్చువాడు కాడు. పోలీసులు కారును ఆపుటకు తగిన కారణమున్నదా, పరీక్ష సరిగా జరిగినదా అని విచారించువాడు. పెద్ద నేరము మోపబడిన బీదవానికి రాష్ట్రమే వకీలును ఇయ్యవలెనని 1963లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. చెరసాల శిక్షపడు చిన్న నేరములకును ఆ హక్కు 1972లో వర్తించెను. ప్రభుత్వమే ఇచ్చునట్టి సహాయమును తల్లిదండ్రులు చేసిన అధర్మమెట్లగును?

ఇక ఆ కాగితము సంగతి. మన పూర్వులలో అనేకులు అక్షరము రానివారై, చదువలేని ఒప్పందములపై గుర్తులు పెట్టి ఈ దీవికి వచ్చిరి. 1867 చట్టము వచ్చిన పిమ్మట, ఒప్పందము తీరిన కూలీ సైతము తన ఛాయాపటము గల టికెట్టును వెంట ఉంచుకొనక తిరుగరాదు. లేనిచో దేశదిమ్మరియని పట్టుకొనెడివారు. ఒక కాగితము మనుష్యుని కాళ్లను ఎట్లు కట్టివేయునో మన కుటుంబములకు వేరుగా చెప్పనక్కరలేదు. వారికి చదువు లేదు. మన బిడ్డలకు కలదు. కావున కాగితమును చదువక పెట్టెలో దాచుట తగదు.

అందున్న ముఖ్యవిషయము గడువు. నోటీసు చేతికందిన 15 దినములలోగా టెక్సాసు ప్రజారక్షణ శాఖకు విచారణ కోరుచు అర్జీ పంపవలెను. పంపినచో తీర్పు వచ్చువరకు లైసెన్సు నిలుపుదల కాదు; పోలీసు అధికారిని ప్రమాణముపై ప్రశ్నించు అవకాశమును వకీలుకు దొరకును. పంపనిచో 40వ దినమున నిలుపుదల తానే మొదలగును. మొదటిసారి పట్టువడినవాడు పరీక్షలో తప్పినచో 90 దినములు, పరీక్షకు నిరాకరించినచో 180 దినములు. రక్తపరీక్షయైనచో నోటీసు ఆలస్యముగా తపాలలో రావచ్చును. ఇల్లు మారినవాడు చిరునామా సరిచేసికొనవలెను.

లైసెన్సు వ్యవహారము వేరు, నేరవిచారణ వేరు. ఒకటి ముగిసెనని రెండవది ముగియదు. ఫ్రిస్కో పట్టణము కాలిన్, డెంటన్ అను రెండు కౌంటీలలో వ్యాపించియున్నది. ఏ కౌంటీలో పట్టువడెనో దానినిబట్టి మెకిన్నీలోనో డెంటన్‌లోనో కోర్టు ఉండును. రక్తమున మద్యము 0.08 శాతమున్న నేరమే. అంతకు తక్కువయైనను, మనస్సు శరీరము స్వాధీనము తప్పెనని రుజువైన నేరమే. మొదటి నేరమునకు 72 గంటల నుండి 180 దినముల వరకు చెరసాల, 2,000 డాలర్ల వరకు జరిమానా విధింపవచ్చును. శిక్ష స్థిరపడినచో 2019 చట్టముచే మరి 3,000 డాలర్లు తోడగును, మద్యము 0.15 శాతమో అంతకు మించియో ఉన్నచో అది 6,000. జరిమానా కట్టి ఊరకుండుట యనునది లేదని ఇందువలన తెలియుచున్నది.

నిలుపుదల కాలమున బ్రతుకెట్లు? డల్లాసు నగరపు రైళ్లు ఫ్రిస్కోకు రావు. కారు లేనివానికి కాళ్లు లేనట్లే. అందుచే ఆ రాష్ట్రపు చట్టము కోర్టు ద్వారా ఆక్యుపేషనల్ లైసెన్సు నొసగును. ఉద్యోగము, చదువు, ముఖ్యమైన గృహకృత్యములు అను మూటికి మాత్రమే, దినమునకు 4 గంటలు. అవసరము రుజువుచేసిన 12 గంటల వరకు. భీమా సంస్థవారు ఇచ్చు ఎస్‌ఆర్-22 పత్రము దాఖలు చేయవలెను. కోర్టు ఉత్తర్వును వెంట ఉంచుకొనవలెను. ఊపిరిలో మద్యమున్నచో కారును కదలనీయని యంత్రమును అమర్చుకొనుమని జడ్జి ఆజ్ఞాపింపవచ్చును. నిలుపుదల ముగిసిన పిమ్మట 125 డాలర్ల రుసుము చెల్లించిననే లైసెన్సు తిరిగి వచ్చును. అనుమతి లేక నడిపిన అది మరియొక నేరము.

మన బిడ్డలు పరదేశీయులు గనుక మరియొక జాగ్రత్త. శిక్ష పడకముందే, అరెస్టు మాత్రముననే, తాత్కాలిక వీసాను అమెరికా విదేశాంగశాఖ రద్దు చేయవచ్చును. 2019 నుండి మొదటి నేరమునకు, 0.15 లోపు ఉన్నవానికి, శిక్షను వాయిదా వేయు పద్ధతి టెక్సాసులో కలదు. కాని తప్పు నొప్పుకొని దానిని పొందినచో వలసశాఖ దానిని శిక్షగానే ఎంచును. విదేశీయుడగు ముద్దాయికి ఇట్టి చిక్కులను తెలుపుట వకీలు విధియని 2010లో సర్వోన్నత న్యాయస్థానము చెప్పియున్నది. కావున నేరచట్టము తెలిసినవానిని, వలసచట్టము తెలిసినవానిని ఇరువురను సంప్రదింపక ఏ కాగితముపైనను సంతకము చేయరాదు. ఫలము తప్పక వచ్చునని ముందే మాట యిచ్చు వకీలును నమ్మరాదు.

ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమదాలయము కలదు. అచట పూజ చేయించుట మంచిదే. కాని పూజ గడువును పొడిగింపదు. ముందు అర్జీ పంపి, తరువాత గుడికి పోవలెను.

తల్లిదండ్రులకు ఒక మాట. పరువు పోవునని ఈ సంగతిని దాచి, బిడ్డను మాటలతో పొడిచి, ఫోనులో పలుకుట మానినచో ఆ 15 దినములు వాని మౌనములోనే గడచిపోవును. ముందుగా కాగితములో ఏమున్నదో చదివి వినిపింపుమని అడుగుడు. వకీలు ఫీజులో మీ వంతు ఇచ్చుడు. పిమ్మట త్రాగుడు మాట యెత్తుడు, కఠినముగనే యెత్తుడు. కోర్టు తిరిగి ఇయ్యగలిగినది లైసెన్సు మాత్రమే. వాని ప్రక్కన భార్యాబిడ్డలు నిర్భయముగా కూర్చుండుట అన్నది వాడు మద్యము ముట్టక గడపిన దినములవలన తిరిగి రావలెను.

శుభం భూయాత్.