ఫ్లాషుదీపము నెన్నుకొను విధము

ఈ సంవత్సరము మన పాఠశాల కెమెరాకు వేఱుగ నొక ఫ్లాషుదీపము కొనవలెనను ప్రస్తావము వచ్చినది. పెద్ద తరగతుల విద్యార్థులు కొందఱు అంగడిలో దొరకువానిలో మిక్కిలి బలమైనదానినే కొనవలెననియు, తల్లిదండ్రులలో కొందఱు ఇట్టి వ్యయమే యనావశ్యకమనియు చెప్పుచున్నారు. ఉభయుల మాటలను విని, మా యభిప్రాయమును సంగ్రహముగా నిక్కడ వ్రాయుచున్నాము.

ముందుగా మా తప్పు నొకదానిని మేము ఒప్పుకొనవలయును. నిరుడు వర్షము కురియుచున్న యొకనాడు పిల్లలను తరగతిగదిలో వారి వారి బల్లలమీదనే కూర్చుండబెట్టి, కెమెరాలో నిమిడియున్న చిన్న ఫ్లాషుతో ఛాయాచిత్రము తీసితిమి. చిత్రము అచ్చై వచ్చిన పిమ్మట ఒక తల్లి దానిని చేతబట్టుకొని వచ్చి, వ్రేలితో ఒక్కొక్క మొగమును తడవుచు, "మాస్టారూ, మావాడు ఇందులో ఎక్కడున్నాడండీ?" అని యడిగెను. ముందుబల్ల పిల్లల మొగములు సున్నము కొట్టినట్లు తెల్లనై యున్నవి. ఆమె కుమారుడు కడపటి బల్లవాడు. అచ్చట చొక్కా తెలుపు తప్ప వేఱేమియు కానరాదు. ఆ బాలుడు బడిలో తీయించుకొన్న చిత్రము వారి యింట మఱియొకటి లేదని తరువాత తెలిసినది. నాటినుండి మేము ఈ విషయమును కొంచెము శ్రద్ధతో విచారించుచున్నాము.

ఆ చీకటికి కారణము పిల్లవాని మేనిచాయ కాదు, వెలుతురు నియమమే. చిన్న దీపమునుండి వచ్చు వెలుతురు దూరము రెట్టింపైనచో నాలుగవవంతుగను, మూడింతలైనచో తొమ్మిదవవంతుగను తగ్గును. ముందుబల్ల 2 మీటర్ల దూరమునను వెనుకబల్ల 6 మీటర్ల దూరమునను ఉన్నయెడల, ముందువానికి చేరిన వెలుతురులో తొమ్మిదవవంతే వెనుకవానికి దక్కును. దీపము నెంత బలమైనదానిగా మార్చినను ఈ నిష్పత్తి మారదు. వెనుకవానికి వెలుతురు పెంచిన కొలదిని ముందువాడు మఱింత సున్నపుబొమ్మ యగును. కావున "బలమైనది కొందము" అను మాట మన రోగమునకు మందు కాదు.

మందు మఱియొకచోట నున్నది. దీపపు తల పైకిని ప్రక్కలకును తిరుగగలిగినచో, దానిని మొగములకు గురిపెట్టక తెల్లని పైకప్పునకో గోడకో త్రిప్పవచ్చును. అప్పుడా కప్పే యొక పెద్ద దీపమై వెలుతురును గది యంతటను పంచును. ముందుబల్లకును వెనుకబల్లకును గల భేదము చాల తగ్గును. వెనుకగోడమీద కాటుకతో గీచినట్లు పడు నీడలును మెత్తబడును. మేము చెప్పదలచినది ఈ యొక్కమాటయే: దీపపు బలమును చూచి కాదు, దాని మెడను చూచి కొనవలయును. పైకి మాత్రమే వంగి ప్రక్కకు తిరుగనిది చాలదు. ఏలయనగా, కెమెరాను నిలువుగా పట్టుకొన్నప్పుడు అట్టి తల కప్పును చూడక ప్రక్కగోడను చూచును.

అయినచో బలము అక్కఱయే లేదా యని విద్యార్థులు అడుగవచ్చును. కొంత కావలయును, కాని దానిని సరిగా లెక్కింపవలయును. అంగడివారు "గైడు నంబరు" అని యొక సంఖ్యను చెప్పుదురు. ఆ సంఖ్యను మీటర్లలోని దూరముచే భాగించినచో, ఐ.ఎస్.ఓ. 100 వద్ద కటకమున కుంచవలసిన ఎఫ్-సంఖ్య వచ్చును. కాని యీ సంఖ్యను అందఱు తయారీదారులు ఒకేతీరున ప్రకటింపరు. కెనాన్ 430ఈఎక్స్ మూడవ రకమునకు 43 అందురు. అది తల 105 మిల్లీమీటర్ల స్థానమున వెలుతురును ఇఱుకుగా కూర్చినప్పటి లెక్క. నికాన్ ఎస్‌బి-700 నకు 28 అందురు; అది 35 మిల్లీమీటర్ల స్థానమున వెలుతురును విరివిగా పఱచినప్పటి లెక్క. ఈ రెంటిని ప్రక్కప్రక్కన నుంచి మొదటిది ఒకటిన్నర రెట్లు గొప్పదనుట, ఒకని ఎత్తును తలపాగాతోను మఱియొకని ఎత్తును పాగా లేకయు కొలిచి పోల్చుటవంటిది. కొన్నిచోట్ల సంఖ్యను అడుగులలో వ్రాసి మఱింత పెద్దదిగ చూపుటయు కలదు.

మన తరగతిగదికి లెక్క వేయుదము. వెలుతురు కప్పునకు పోయి మొగముమీదికి దిగుటకు సుమారు 5 మీటర్లు నడచుననుకొందము. 28 ని 5 చే భాగించినచో 5.6 వచ్చును. సున్నపుకప్పు కొంత మ్రింగి కొంత చెదరగొట్టుటచే నాలుగవవంతు మాత్రమే మిగిలిన దనుకొన్నను, ఎఫ్-సంఖ్య 2.8 అగును. ఐ.ఎస్.ఓ.ను 400 చేసినచో మరల 5.6 నకు వచ్చును. అనగా నడితరపు దీపమే మన గదికి చాలును. పెంకులతో కప్పి నల్లని దూలములు గల మన పాతహాలులో మాత్రము పైకి పంపిన వెలుతురు తిరిగిరాదు. అచ్చట తెల్లగోడ ప్రక్కనో, ఇద్దఱు పిల్లలు పట్టుకొన్న తెల్లదుప్పటి యెదుటనో తీయవలయును. పచ్చరంగు వేసిన గోడకు త్రిప్పినచో పిల్లల మొగములు పచ్చబడునని మఱవరాదు.

రెండవ పరీక్ష పొందిక. ఫ్లాషును కూర్చు గాడిలో నడుమ నుండు లోహపుచుక్క ద్వారా "వెలుగుము" అను సంకేతము పోవుట పాత మర్యాద. 2018లో వచ్చిన కెనాన్ 1500డి, 3000డి కెమెరాలలో ఆ నడిమిచుక్క లేదు. మన కెమెరా యీ 1500డి యే. గోడాక్స్ టీటీ600 వంటి చవుక దీపము ఆ చుక్కమీదనే యాధారపడునది గనుక దీని గాడిలో నుంచిన వెలుగదు. కావున కటకముగుండ వచ్చు వెలుతురును కెమెరా కొలిచి దీపబలమును సరిదిద్దు టీటీఎల్ పద్ధతి కలిగి, కెనాన్ సంకేతములను గ్రహించు దీపమునే మనము తీసికొనవలయును. అందును చేతితో బలమును మార్చు వీలుండవలయును. లేనిచో పిల్లలు మీట నొక్కుట నేర్తురే గాని వెలుతురును నేర్వరు. కెమెరాను అంగడికి తీసికొనిపోయి వెలిగించి చూడక సొమ్ము చెల్లింపరాదు. ఇండ్లలోని పాత ఫ్లాషులను తెచ్చి తగిలించుటయు వలదు. వానిలో కొన్నిటి స్పర్శలవద్ద 200 వోల్టులకు మించియుండి డిజిటల్ కెమెరాను చెఱుపవచ్చును. దీపముతోపాటు మరల విద్యుత్తు నింపదగిన నికెల్ బ్యాటరీలు రెండు జతలును, వాని చార్జరును కొనవలయును. ఏనుగును కొని అంకుశమునకు వెనుదీయుట వివేకము కాదు.

ఇక వ్యయమే వలదను తల్లిదండ్రుల మాట. నేటి కెమెరాలు ఐ.ఎస్.ఓ.ను పెంచి మసకవెలుతురులోను చిత్రము తీయునని వారందురు. అది నిజమే. కాని ఐ.ఎస్.ఓ. వెలుతురు దిక్కును మార్చజాలదు. నెత్తిమీది ట్యూబులైటు క్రింద కనుగుంటలు చీకటిగానే యుండును. ఎండకు వీపు పెట్టి నిలిచినవాని మొగము నీడలోనే యుండును. ఆ నీడలను నింపునది ఫ్లాషే. అయినను వారి మాటలో మేము శిరసావహించునది యొకటి కలదు: పేదపిల్లల పుస్తకములకై కూడబెట్టిన సొమ్మునుండి దీనికొక్క రూపాయియైనను తీయరాదు. వేఱు సొమ్ము చేకూరువఱకు తెల్లదుప్పటితోను కిటికీ వెలుతురుతోను కాలము గడుపవచ్చును.

1887లో జర్మనీయందు మెగ్నీషియపు ఫ్లాషుపొడి వెలువడినంతనే, న్యూయార్కు నగరమున జేకబ్ రీస్ అను పత్రికావిలేఖరి దానిని చేపట్టి పేదల చీకటికొట్లలోనికి పోయెను. అతడు 1890లో ప్రకటించిన గ్రంథము ఎవ్వరును చూడని బ్రదుకులను లోకమునకు చూపెను. కాని నిద్రించువారిని అర్ధరాత్రి దిగ్గున లేపి తీసిన చిత్రములును వానిలో కలవు. అతని సంకల్పమును గ్రహింతము. ఆ దుడుకును గ్రహింపవలదు. ప్రార్థన జరుగుచుండగా మన దీపము వెలుగరాదు. చిన్నపిల్లల కన్నులలోనికి సూటిగా కొట్టరాదు.

ఆ తల్లి కుమారుడు ఈ యేడు పై తరగతికి పోయినాడు. ఎత్తరి గనుక ఇప్పుడును కడపటి బల్లమీదనే కూర్చుండుచున్నాడు. దీపము వచ్చినను రాకున్నను, ఈసారి ఆ తరగతి చిత్రమును మేము వెనుకబల్లను ముందు చూచుకొనియే తీయుదుము. ఆమె వ్రేలు ఈసారి వెదకులాడక ఒక్కచోటనే నిలువవలెనని మా కోరిక.