ఇంటికి వచ్చిన గిటారు



ఈ నెల శీర్షికకు విషయాన్ని అందించినది శ్రీకాకుళం జిల్లాకు చెందిన ఒక తండ్రి. ఆయన కుమారుడు డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతున్నాడు. ముగ్గురు స్నేహితులతో కలిసి గిటారు నేర్చుకుంటున్నాడు. నలుగురూ డబ్బు పోగుచేసి రెండు గిటార్లు కొనుక్కున్నారు. సాయంత్రం వేళ ఒకరి డాబా మీద కూర్చుని, ఇద్దరు మీటుతుంటే ఇద్దరు వింటారట. తండ్రి మమ్మల్ని అడిగినది ఇది: “హజ్రత్, ఇది హరామా? హరామైతే విరగ్గొట్టి పారవేయమంటారా? అసలు మన పిల్లలకు ఈ పరాయి వాద్యం పిచ్చి ఎక్కడినుండి పట్టుకుంది?”

ఇందులో మూడు ప్రశ్నలున్నాయి. మూడింటికీ ఒకే మాటలో సమాధానం చెప్పడం సులభమే. కాని అలా చెప్పినవారు ఆ తండ్రికీ మేలు చేయరు, ఆ కుమారునికీ మేలు చేయరు. కావున ఒక్కొక్కటిగా చూద్దాము.

మొదటిది ధర్మాదేశానికి సంబంధించినది. దివ్యఖుర్ఆన్‌లోని లుఖ్మాన్ సూరా ఆరవ ఆయతులో, దైవమార్గం నుండి మనిషిని మరల్చే వ్యర్థ ప్రసంగాల ప్రస్తావన ఉంది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) దానిని గానానికి అన్వయించారు. సహీహ్ బుఖారీలో పానీయాల అధ్యాయంలో ఉన్న ఒక హదీసు, మద్యంతో పాటు వాద్యాలను కూడా హలాల్ చేసుకునే జనాన్ని గురించి హెచ్చరిస్తున్నది. ఇటువంటి ఆధారాలను బట్టి నాలుగు మజ్‌హబుల ధర్మవేత్తలలో అత్యధికులు తంత్రీ వాద్యాలను నిషిద్ధంగా పరిగణించారు. మేము చదువుకున్నదీ, మా విద్యార్థులకు బోధించేదీ ఇదే.

అయితే ఈ విషయంలో భిన్నాభిప్రాయం లేదని మేము అనము. అండలూసియాకు చెందిన ఇమామ్ ఇబ్నె హజ్మ్ (మరణం 1064) ఆ హదీసు సనదులో తెంపు ఉన్నదని వాదించి, వాద్యాల నిషేధానికి ప్రామాణికమైన ఆధారం లేదన్నారు. హాఫిజ్ ఇబ్నె హజర్ వంటి హదీసువేత్తలు ఆ సనదు అవిచ్ఛిన్నమేనని నిరూపించ పూనుకున్నారు. ఇక దఫ్ విషయం వేరు. పండుగనాడు హజ్రత్ ఆయిషా (రజి) ఇంట ఇద్దరు అన్సారీ బాలికలు పాడుతుండగా హజ్రత్ అబూబకర్ (రజి) మందలించబోయారు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) వారిని వారించక, అది పండుగ దినమని గుర్తుచేసిన వృత్తాంతం బుఖారీలోనే ఉంది.

ఇమామ్ గజాలీ (మరణం 1111) ‘ఇహ్యా ఉలూమిద్దీన్’లో ఈ అంశానికి ఒక ప్రత్యేక అధ్యాయమే కేటాయించారు. గానం నిషిద్ధంగా మారడానికి ఆయన ఐదు కారణాలు చెప్పారు: పాడేవారు ఎవరు, వాద్యం ఏది, పాటలోని మాటలు ఎటువంటివి, వినేవాని మనఃస్థితి ఏమిటి, అది కాలక్షేపంగా ఉన్నదా లేక జీవితాన్నంతా ఆక్రమించినదా. తంత్రీ వాద్యాలను ఆయన కూడా అనుమతించలేదు. అవి ఆనాటి మద్యపాన గోష్ఠులకు గుర్తుగా ఉండటమే అందుకు ఆయన చూపిన ప్రధాన కారణం. ఐదవ కారణాన్ని మాత్రం ప్రతి గృహస్థుడూ గుర్తుంచుకోవాలి. ఎందుకంటే గిటారు లేని ఇంటికి కూడా అది వర్తిస్తుంది.

రెండవ ప్రశ్న: విరగ్గొట్టవచ్చునా? మదరసాలలో తరతరాలుగా చదివే ‘హిదాయా’ గ్రంథంలో, దౌర్జన్యంగా ఇతరుల సొత్తును ఆక్రమించడాన్ని గురించిన అధ్యాయంలో ఈ సమస్య ఉంది. ఒక ముస్లిముకు చెందిన వాద్యాన్ని మరొకడు విరగ్గొడితే పరిస్థితి ఏమిటి? విరగ్గొట్టినవాడు నష్టపరిహారం చెల్లించాలని ఇమామ్ అబూ హనీఫా (రహ్) అభిప్రాయం. వాద్యంగా దానికున్న వెలను కాక, చెక్కిన కొయ్యగా దానికున్న వెలను చెల్లించాలి. ఆయన శిష్యులైన ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ పరిహారం అక్కరలేదన్నారు. తర్వాతి పండితులలో పలువురు శిష్యుల మాటవైపే మొగ్గారు. అయినా మన ఇమామ్ దృష్టిని గమనించండి. వాద్యాన్ని వ్యతిరేకించిన ఆ మహనీయుడే దానిలోని కొయ్యకు ఒక యజమాని ఉన్నాడని మరువలేదు. ఇక్కడ ఆ గిటార్లకు యజమానులు నలుగురు. వారిలో ముగ్గురు పరాయి ఇంటి బిడ్డలు. తండ్రి ఆవేశంలో ఒక వస్తువును విరిచివేస్తే, నలుగురి కష్టార్జితాన్ని విరిచినట్లవుతుంది. ఆ మరునాటి నుండి కుమారుడు తండ్రికి తెలియకుండా మరో డాబా వెతుక్కుంటాడు.

మూడవది ‘పరాయి వాద్యం’ అన్న మాట. ఈ ఆక్షేపణను మన ఉత్తరాంధ్ర నిలబడనివ్వదు. 1919లో పూసపాటి విజయరామ గజపతిరాజు విజయనగరంలో సంగీత కళాశాల నెలకొల్పారు. దాని తొలి అధ్యక్షుడు ఆదిభట్ల నారాయణదాసు. పారసీ నేర్చుకొని ఉమర్ ఖయ్యామ్ రుబాయీలను సంస్కృతంలోకి, అచ్చ తెలుగులోకి అనువదించిన పండితుడాయన. అదే కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ బోధించారు, 1936లో అధ్యక్షులయ్యారు. వయొలిన్ ఐరోపా నుండి వచ్చిన వాద్యమే. నేడు దానిని పరాయిదని ఎవరూ అనరు. ఘంటసాల అక్కడ చదివే రోజులలో ఇంటింటా అన్నం అడిగి తిన్నారు. పట్రాయని సీతారామశాస్త్రి ఆయనకు ఉచితంగా విద్య చెప్పారు. బొబ్బిలి సమీపంలోని గొల్లపల్లిలో నేటికీ ఒకే పనస దుంగను తొలిచి వీణను చేసే కుటుంబాలు ఉన్నాయి. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వరంలో 1998లో సంగీత కళానిధి బిరుదు పొందారు. వీరి మార్గాన్ని మన పిల్లలకు సిఫారసు చేయడానికి కాదు ఈ పేర్లు చెప్పడం. వాద్యం మన నేలకూ, మన సముదాయానికీ నిన్న మొన్న వచ్చినది కాదని తెలియడానికి.

గిటారు చరిత్రలో మన నాగరికత జాడ కూడా ఉంది. అరబ్బుల ‘ఊద్’ అన్న పేరుకు కొయ్య అని అర్థం. బాగ్దాదు దర్బారు నుండి వెళ్ళిన జిర్యాబ్ 822లో అండలూసియా చేరి, ఖుర్తుబా నగరంలో ఊద్ వాదనకు ఒక సంప్రదాయం ఏర్పరచాడు. ఫారాబీ (మరణం 950) సంగీతంపై బృహద్గ్రంథం రచించి, తీగ పొడవులోని నిష్పత్తులను బట్టి మెట్లు ఎక్కడ ఉండాలో లెక్కకట్టాడు. ఆ కాలపు విద్యా ప్రణాళికలో అంకగణితం, జ్యామితి, ఖగోళంతో పాటు సంగీతం కూడా గణిత శాస్త్రాలలో భాగమే. నేటి గిటారుకు రూపురేఖలు దిద్దిన ఆంటోనియో డి టోర్రెస్ (1817–1892) కూడా అదే అండలూసియాలోని అల్మేరియా ప్రాంతంవాడు. గిటారులో పన్నెండవ మెట్టు సరిగ్గా తీగ సగంలో ఉంటుంది. అక్కడ నొక్కి మీటితే అదే స్వరం పై స్థాయిలో పలుకుతుంది. సృష్టిలో ప్రతి వస్తువుకూ ఒక కొలత ఉన్నదని నమ్మే మనకు ఇది ఆశ్చర్యం కలిగించదు. కాని ఆలోచన కలిగించాలి.

ఇంతకూ ఆ నలుగురు కుర్రవాళ్ళు డాబా మీద ఏమి చేస్తున్నారు? మేము విచారించి తెలుసుకున్నంతవరకు, మొదటి నెలలో వారు చేసినది సంగీతం కానే కాదు; సహనం. గిటారుకు ఆరు తీగలు. ఎడమచేతి వేళ్ళతో ఉక్కు తీగలను మెట్ల వద్ద నొక్కాలి. కొన్ని వారాలపాటు వేలికొసలు మంటపుడతాయి, తర్వాత కాయలు కాస్తాయి. రెండు మూడు తీగలను ఒకేసారి నొక్కి ఒక కార్డు పట్టడం ఒక ఎత్తు. దానినుండి మరో కార్డుకు తాళం తప్పకుండా మారడం మరొక ఎత్తు. ఆదివారం నాడు నాలుగు గంటలు కూర్చున్నవాని కంటే రోజూ ఇరవై నిమిషాలు కూర్చున్నవాడే ముందుకు పోతాడు. మన సముద్రతీరపు తేమ గాలికి తీగలు తుప్పు పడతాయి. మీటిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడిచి పెట్టాలి.

స్నేహితులతో నేర్చుకోవడంలో మరో శిక్షణ ఉంది. రెండు గిటార్లు ఒకే శ్రుతిలో లేకపోతే ఎంత నేర్పరులు మీటినా వినలేము. కావున ముందుగా ఒకరి వాద్యాన్ని మరొకరు విని, తన తీగను సవరించుకోవాలి. నలుగురిలో వేగంగా నేర్చినవాడు, వెనుకబడినవాని నడకకు తగ్గి నడవాలి. తజ్‌వీద్ తరగతిలో మేము విద్యార్థులను ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి, ఒకరి పఠనాన్ని మరొకరిచేత వినిపించి దిద్దించేది కూడా ఈ గుణం కోసమే. ఎదుటివానిని వినడం నేర్చినవాడు తన తప్పును తానే వినగలుగుతాడు.

ఆ బాలునికి లభించిన ఈ ఆనందాన్ని మేము అబద్ధమనము. కష్టపడి సాధించిన పని ఇచ్చే సంతోషమది. చేతిలో ఫోను పట్టుకొని పడుకున్నవానికి అది దొరకదు.

ఇక్కడే మన ఇళ్ళను మనం ప్రశ్నించుకోవలసి ఉంది. ఎన్ని ఇళ్ళలో ఉదయం నుండి రాత్రి వరకు ఫోనులో సినిమా పాటలు మోగడం లేదు? ఎన్ని నికాహ్‌లలో వలీమా రాత్రి పెద్ద పెద్ద స్పీకర్లు పెట్టి వీధి వీధినంతా అదరగొట్టడం లేదు? పసిబిడ్డ అన్నం తినాలంటే పాట పెట్టే తల్లులు ఎందరు? వాటిని గురించి ఫత్వా అడగడానికి మా వద్దకు ఎవరూ రాలేదు. కొడుకు ఇరవై నిమిషాలు శ్రమించి ఒక వాద్యం నేర్వబోతే మాత్రం పరుగున వచ్చారు. వినడానికి ఒక ధర్మం, నేర్వడానికి ఒక ధర్మం ఉండవు. తండ్రి తన ఫోనులోని పాటలను ఉంచుకొని కుమారుని గిటారును నిషేధిస్తే, కుమారుడు నేర్చుకునేది ధర్మం కాదు. ధర్మం బలహీనుల మీదనే ప్రయోగించబడుతుందన్న అపోహ. యువకులు మన నుండి దూరమయ్యేది ఆ అపోహ వల్లనే.

కావున ఆ సోదరునికీ, అటువంటి స్థితిలో ఉన్న ఇతర తల్లిదండ్రులకూ మా సలహా ఇది.

ముందుగా ఆ డాబా మీదకు వెళ్ళి కూర్చోండి. ఆ ముగ్గురు స్నేహితులు ఎవరో తెలుసుకోండి. మంచి సహచరుని కస్తూరి అమ్మేవానితోనూ, చెడు సహచరుని కొలిమి ఊదేవానితోనూ పోల్చిన హదీసు మీకు తెలిసినదే. మీ అసలు భయం తీగలను గురించి కాక సావాసాన్ని గురించే అయితే, దానికి మందు సావాసాన్ని ఎరగడమే. వారిని భోజనానికి పిలవండి. ఇంట్లో చోటు దొరికిన స్నేహం వీధిలో దారి తప్పడం అరుదు.

తర్వాత కుమారునికి ధర్మవేత్తల అభిప్రాయాలను దాచకుండా చెప్పండి. అత్యధికులు ఏమన్నారో, ఎందుకన్నారో, భేదించినవారు ఏమన్నారో చెప్పండి. మేమైతే జాగ్రత్త మార్గాన్నే మేలైనదిగా భావిస్తాము, అతనికీ అదే చెబుతాము. అయితే పంతొమ్మిదేళ్ళ యువకుడు కారణం తెలిసి విడిచినది విడిచినట్లుగా ఉంటుంది. దెబ్బకు జడిసి విడిచినది తలుపు చాటున కొనసాగుతుంది.

అతడు వెంటనే విడువలేకపోతే, ఇమామ్ గజాలీ చెప్పిన ప్రమాణాలు అతని చేతికివ్వండి. అజాన్ వినబడగానే వాద్యం పక్కన పెడుతున్నాడా? జమాఅతుకు చేరుతున్నాడా? అశ్లీలమైన, దైవధిక్కారమైన మాటలున్న పాటలను వదిలివేశాడా? చదువు వెనుకబడిందా? ఇరుగుపొరుగువారికి, రోగులకు, వృద్ధులకు ఇబ్బంది కలుగుతున్నదా? అప్పు చేసి కొత్త పరికరాలు కొంటున్నాడా? ఈ ప్రశ్నలకు సమాధానాలు అతడే రాసుకొని నెలకొకసారి మీకు చూపించాలి. తన కాలానికి తానే లెక్క చెప్పడం అలవడినవాడు, ఏది విడువవలసినదో ఒకనాటికి తానే గ్రహిస్తాడు.

చివరిగా, ఆ శ్రమకూ ఆ స్నేహానికీ మరో దారి కూడా తెరచి ఉంచండి. వాద్యం లేకుండా గొంతుతో, దఫ్‌తో పాడే హమ్ద్, నాత్ గీతాలున్నాయి. ఖిరాఅత్ నేర్వాలంటే గిటారుకు కావలసినంత సహనమే కావాలి. ఆ నలుగురూ కలిసి వారానికి ఒక సాయంత్రం మసీదులో పిల్లలకు ఖుర్ఆన్ పఠనం దిద్దిపెడితే, డాబా మీద నేర్చిన వినే గుణం అక్కడ పనికివస్తుంది. ‘అది మానితేనే ఇది’ అని బేరం పెట్టకండి. ముందు దీని రుచి చూపండి.

ఈ నెలలో ప్రతి ఇంటి పెద్దకూ ఒక పని అప్పగిస్తున్నాము. పిల్లల చేతిలోని వాద్యాన్ని ప్రశ్నించే ముందు, ఒక రోజంతా మీ ఇంట్లో ఏ పాట, ఎంతసేపు, ఎవరి ఫోనులో మోగినదో గమనించి లెక్క రాయండి. ఆ లెక్కను చేతబట్టుకొని కుమారునితో మాట్లాడండి. అప్పుడు మీ మాటలో కోపం తగ్గుతుంది, బలం పెరుగుతుంది.

అల్లాహ్ మన సంతానానికి మేలైన స్నేహాలను, మన కాలానికి శుభాన్ని, మన మాటకూ చేతకూ ఏకత్వాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.